తరుగు

రాత్రి పన్నెండయింది.
కర్నూలు పెద్దాసుపత్రి వెనక, హాస్టలు మేడ మీద
నీళ్ళ ట్యాంకుకు వీపానించి
పన్నెండు కపాల నాడులనూ
నా ముఖం మీదే వెతుక్కుంటున్నాను.
కనుబొమ్మలెత్తితే ఏడోది,
నాలుక చాపితే పన్నెండోది.
పక్కమేడ మీద దుప్పట్లోంచి చూస్తున్న పిల్లాడు
వాడూ నాలుక చాపాడు.
ఇద్దరి పన్నెండో నాడీ బాగుంది.

ఎడమ చేతి మీద నీలం పెన్నుతో గీసిన హద్దులు:
భుజానికి ఐదు, బొటనవేలికి ఆరు,
నడిమివేలికి ఏడు, చిటికెనవేలికి ఎనిమిది.
మే నెల చెమటకు
ఐదు కరిగి ఆరులోకి కారుతోంది.
పరీక్షకింక పంతొమ్మిది రోజులు.

మూర్ఛ, పక్షవాతం, వణుకు మొదటి అంతస్తు.
దిగులు, అనుమానం, గాలి సోకడం కింద, మావి.
మధ్యలో ఒక ర్యాంపు.
తీర్పు దొరకని మనుషుల్ని
చక్రాల కుర్చీలు పైకీ కిందికీ మోస్తుంటాయి.
స్కానులో కనపడితే వాళ్ళకు,
కనపడకపోతే మాకు.
పుస్తకంలో మాత్రం రెండు అధ్యాయాల మధ్య
ఒక తెల్ల కాగితం, అంతే.

ప్రశ్న నూట నలభై రెండు.
అరవై ఎనిమిదేళ్ళ స్త్రీ, ఏడాదిగా మతిమరుపు,
కాళ్ళూ చేతులూ సక్రమం,
ఈ కింది వాటిలో ఏది...

నాలుగు జవాబుల మధ్య ఖాజాబీ లేచి కూర్చుంటుంది.

ఉల్లిగడ్డల యార్డులో ముప్పై ఏళ్ళు
కుళ్ళినవీ మంచివీ ఏరిన మనిషి.
మనవడు దస్తగిరి తోలుకొచ్చినాడు:
"పొయ్యి మీద చాయ పెట్టి చాయ సంగతే మరుస్తాంది మేడం."
నేను కాగితం తీశాను.
"ఇయ్యాల ఏ వారం అవ్వా?"
"కూలి లేని వారం."
దానికి కాగితంలో గడి లేదు.
"నూర్లో ఏడు తీసేస్తే?"
"తొంబై మూడు."
"అందులోంచి మల్లా ఏడు?"
నా పెన్ను వైపు చూసింది, నా మొహం వైపు చూసింది.
"నూరు కేజీలకు ఏడు తరుగు తీసినావు, సరే.
తీయంగా మిగిలిన దాంట్లో మల్లా తరుగా?
మండీ సావుకారి గూడా ఇంత దోపిడి సెయ్యలేదు కదమ్మా!"
దస్తగిరి నవ్వాడు.
నేను ఐదుకు ఒకటి వేశాను.

మూడు మాటలు చెప్పాలి, కాసేపాగి అడగాలి.
కుర్చీ, నాణెం, గులాబి అన్నాను.
అయిదు నిమిషాలకు
ఆమె దగ్గర ఒక్కటీ మిగల్లేదు.
కొంగుతో మూతి తుడుచుకుంది.
ఉత్త చేతులతో పోవడం నామోషీ అనుకుందో ఏమో,
గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి,
"నేను జెప్తా, నువ్వు దాసిపెట్టుకో:
గోతం. దబ్బనం. తుంగభద్ర.
మల్లొచ్చినప్పుడు అడుగుతా."

నెల తర్వాత వచ్చింది.
జవాబు నాలుక చివర పెట్టుకొని కూర్చున్నాను.
అడగలేదు.
"ఎవరి బిడ్డవు నువ్వు, సల్లగుండు" అని
నా బుగ్గ నిమిరింది. ఆ వేళ్ళకు ఉల్లి వాసన లేదు.
నాకు ఆ సంగతి ఎందుకు గుర్తుందో
ఏ అధ్యాయంలోనూ లేదు.

జవాబు 'సి'. సరైనదే.
మాత్ర ముందు అయిదు, తర్వాత పది,
వాంతులు, నాడి నెమ్మదించడం,
ఇంకొకటుంది, మూడోది,
రాత్రి నుంచీ చదువుతున్నాను, మూడోది
నోటికి రావడం లేదు.
గోతం, దబ్బనం, తుంగభద్ర వస్తున్నాయి.
తొంబై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది,
అని నన్ను నేనే అడుక్కుంటే
డెబ్బై రెండు దగ్గర ఎవరో
మల్లా తరుగా? అంటున్నారు.

హంద్రీ వైపు నుంచి గాలి లేచి
నూట నలభై మూడో ప్రశ్నను తనే తిప్పేసింది.
పక్కమేడ పిల్లాడు ఎప్పుడు నిద్రపోయాడో,
నాలుక ఇంకా కొంచెం బయటే ఉంది.