సాగనా, ఆగనా

మూడు వందల పన్నెండు వాక్యాలు.
శుక్రవారం రాత్రి పన్నెండింటికి మాటలకు తాళం పడుతుంది,
ఆ తర్వాత ఒక్క కొమ్ము దిద్దాలన్నా ఆర్నెల్లు ఆగాలి.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక, లెక్కల గదిలో,
పగలు బస్తాలు రాసే బల్ల మీదే
రాత్రి ఈ పని.
కంప్యూటర్లోకి కొత్త వ్యవస్థను ఎక్కించేటప్పుడు
అది మనిషిని అడిగే ప్రశ్నలన్నీ
తెలుగులో ఎలా అడగాలో
నలుగురి చేత ఒప్పించడం నా వంతు.

నలుగురివీ నాలుగు ఊళ్లు.
టెక్కలి నుంచి కూర్మారావు మాస్టారు "వినియోగదారుడు" అంటారు.
సోంపేట కుర్రాడు దివాకర్ "యూజర్ చాలదా" అంటాడు.
"వాడుకరి" అని బొబ్బిలి నుంచి హైమావతి.
ఇచ్ఛాపురం ఆయన ఏదడిగినా
బొటనవేలి బొమ్మ పంపిస్తాడు.
మధ్యలో నేను, కాటా పట్టుకున్నదాన్ని.
ఎవరి మాట బరువో కాదు చూడాల్సింది,
ఎవరి మాట పెట్టెలో పడుతుందో.
పెట్టె చిన్నది.
"ఉపేక్షింపుము" అని మాస్టారు పంపితే
క్ష కింద సగం బటను అంచున తెగిపోయింది.
ఫొటో తీసి చూపించాను.
"ఒత్తుల్లేని తెలుగు రాయమంటావా?" అని
రెండు రోజులు పలకలేదు.
మూడోనాడు ఒకే మాట వచ్చింది: "వదిలెయ్."
అది అలకో, అనువాదమో
కాసేపు అర్థం కాలేదు.

వాక్యాల మధ్య ఖాళీలుంటాయి,
తర్వాత ఏదో పేరు వచ్చి కూర్చోడానికి.
ఆ పేరుకి "ను" అతకదు, "కి" అతకదు,
పెళ్లిలో వరుస తేలని చుట్టంలా
ఒక అడుగు ఎడంగా నిలబడుతుంది.

నూట నలభయ్యో వాక్యం మాత్రం తేలిగ్గానే దాటాం.
"డిస్కులోని సమాచారమంతయు తుడిచివేయబడును. కొనసాగించాలా?"
నలుగురూ సరే అన్నారు.
పచ్చ గుర్తు పెట్టేశాను.

పాత మిషను మీద ఒకసారి నడిపి చూద్దామని
తవిటమ్మను పిలిచాను.
బద్దలు తూకం వేస్తుంది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చింది.
జీడి రసం తిన్న వేళ్లు,
వాటి ముద్రను ఏ రేషను యంత్రమూ ఒప్పుకోదు.
మీట నొక్కడానికి ముద్రతో పనేముంది?
కూడబలుక్కుని చదివింది,
టక్కున నొక్కేసింది.

"అయ్యో, అంతా పోయింది కదమ్మా!"
"తుడిసేత్తానన్నాది గదా అది.
పలక తుడిసేది మల్లీ రాసుకోడానికి కాదేటి?
పోతాదని సెప్పు. మల్లీ రాదని సెప్పు.
పెద్దగాలికి మా తోట తుడిసేసిందన్నామేటి?
పోనాది అన్నాం."

ఆ మిషన్లో ఏమీ లేదు గనక సరిపోయింది.
పచ్చ గుర్తు తీసేశాను.

"ఇందులో ఉన్నదంతా పోతుంది. మళ్లీ రాదు.
సాగనా, ఆగనా?"

రాత్రి పదింటికి మాస్టారి ప్రశ్న: "కర్త ఎవరు?"
మిషనేనండీ, అన్నాను. చెరిపేది అదే కదా.
చాలాసేపు ఏదో రాస్తూ, కొట్టేస్తూ ఉన్నారు.
చివరికి వచ్చింది:
"ముప్ఫయ్యారేళ్లు 'బడును' నేర్పాను.
చేసిందెవరని ఏ పిల్లాడూ అడగలేదు.
ఉంచండి."

పదకొండుంపావుకు పంపేశాం,
నాలుగు వాక్యాలు తప్ప.
వాటికింక ఆర్నెల్లు.

పొద్దున్నే మరోసారి నడిపాం. మొదటి తెర:
"మీరు ఏ భాషలో చదువుతారు?"
తవిటమ్మ చదివింది. నొక్కలేదు.
వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది,
ఓనరు గానీ వచ్చి నిలబడ్డాడేమోనని.
ఎవరూ లేరు.
మళ్లీ తెర వైపు తిరిగి, గొంతు తగ్గించి,
"మీరంటే ఎవులే, పిల్లా?"