దైవాధీనం అర్జీ

నా పేరు దైవాధీనం.
నవ్వుకోండి, ముందు ఆ పని కానివ్వండి.
మతాన్నీ సర్కారునీ విడదీయమని
సంతకాలు పోగుచేసే మనిషికి
ఇంతకంటే అచ్చొచ్చిన పేరు
గుంటూరు జిల్లా మొత్తంలో దొరకదు.

నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారట.
వీణ్ణయినా ఆయన చేతిలో పెడదామని
అమ్మ ఈ పేరు పెట్టింది.
అది అమ్మకీ ఆయనకీ మధ్య ఒడంబడిక.
తాసిల్దారు సాక్షి సంతకం చేయలేదు.
నేనిప్పుడు అడిగేదీ అంతే.

ముప్ఫయ్యొక్క ఏళ్లు రిజిస్ట్రారాఫీసులో
పరాయివాళ్ల పొలాలకి హద్దులు రాశాను.
తూర్పు: డొంక.
పడమర: మురుగు కాలువ.
ఉత్తరం: షేక్ ఫలానా వారి మిరప చేను.
దక్షిణం: సత్రం గోడ.
హద్దులు లేని దస్తావేజు చెల్లదు.
గుడి, చర్చి, మసీదు
కచేరీ వైపు ఎక్కడ ఆగాలో
ఒక్క కాగితం మీదైనా రాసుండాలా వద్దా?

దసరాకి రబ్బరు స్టాంపులకి కుంకుమ.
రంజాన్‌లో ఆఫీసు ఖర్చు మీద విందు.
డిసెంబరులో కౌంటరు మీద కాగితం నక్షత్రం.
అబద్ధమెందుకు, మా నక్షత్రం వెలిగినప్పుడు
నాకూ తియ్యగానే ఉండేది.

ఒక శుక్రవారం పదిన్నరకి
పెదకాకాని నుంచి తిరుపతమ్మ వచ్చింది.
అరెకరం తనఖా. మొగుడు పెద్దాసుపత్రిలో.
"రాహుకాలం వెళ్లనీయమ్మా" అన్నారు సారు,
పెన్ను మూత తియ్యకుండా.
ఆమె మెట్ల మీద కూర్చుని
గోడ గడియారాన్నే చూసింది.
పన్నెండూ అయిదుకి ముద్ర పడింది.
ఆ గంటన్నర ఎవరి ఖాతాలో రాయాలో
ఏ రిజిస్టరులోనూ గడి లేదు.
రిటైరయ్యాక కూడా ఆ గంటన్నర
నా చొక్కా జేబులోనే ఉండిపోయింది.

అందుకే ఈ గొడుగు, ఈ అట్ట, ఈ కాగితాలు.

మిర్చి యార్డు గేటు దగ్గర మొదలెట్టాను.
పెన్ను అందుకోగానే పక్కవాడు తుమ్మాడు.
"శకునం బాలేదు, ఆగి పెట్టరా" అన్నాడొకడు.
"యార్డులో తుమ్ముకి ఆగితే
ఒక్క టిక్కీ లేవదు" అంటూ
హమాలీ నాగూరు మీరా వేలిముద్ర వేశాడు.
ఎర్రగా పడింది. సిరా కాదు, కారం.

మా పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు.
"ఆ పేరు పెట్టుకుని ఇదేం పని నాయనా"
అన్నారే తప్ప సంతకం పెట్టలేదు.
కొత్తపేట సందులో శేషాచార్యులు గారు
అర్జీలో రెండు వత్తులు దిద్దారు ముందు.
"గర్భగుడి గుమ్మం దాకా వచ్చేసింది మీ సర్కారు.
హుండీ లెక్క తేలేదాకా స్వామికి పొంగలి లేదు.
నువ్వు అటు నుంచి లాగు,
నేను ఇటు నుంచి తోస్తా" అని
చేవ్రాలు చేసి, తారీఖు వేశారు.

అరండల్‌పేటలో ఒక కుర్రాడు
కాగితం చింపి నా చేతిలోనే పెట్టాడు.
ఇంటికొచ్చి అన్నం మెతుకులతో అతికించాను.
సుశీలరత్నం చూసి ఏమీ అనలేదు.
ఆదివారం గుడిలో నా కోసం
లేచి నిలబడి ప్రార్థన చేయించింది.
దేనికోసమో చెప్పదు. నేనడగను.
ముప్ఫయ్యేళ్ల కాపురానికి
అదొక పొలిమేర రాయి.

సోమవారం కలెక్టరాఫీసు, గ్రీవెన్స్ హాలు.
టప్పాలు తీసుకునే అమ్మాయి
పేరు చదివి పెదవి కొరుక్కుంది.
"ఇది కూడా దైవాధీనం సర్వీసేనా తాతగారూ?"
"కాదమ్మా. అందుకే నీ చేతికిచ్చాను."
ఆమె లెక్కపెట్టింది.
నా లెక్క పదకొండు వందల నలభై అయిదు.
ఆమె లెక్క నలభై ఆరు.

అతుకుల కాగితం అడుగున
ఒంకర అక్షరాలు, పొడి అక్షరాలుగా కాక
పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.
వాక్యాల కింద గీతలు గీసుకునే
మొద్దు పెన్సిలుతో.

"పెన్సిలు చెల్లదండీ" అంది అమ్మాయి.
నాకు తెలుసు. నేనూ గుమాస్తానే.
"దాన్ని కొట్టెయ్యకమ్మా,
వచ్చే సోమవారం
మనిషినే తీసుకొస్తాను."