జానెడు

గెంట్ ఊరి శివార్లో, కాలువ పక్కన
ఓదీల్‌కి ఓ ముక్క నేల ఉంది,
మంచాలు వేస్తే మూడు పట్టేంత.
నవంబరు ముసురులో పొట్టిరకం బేరి మొక్క నాటాడు.
నడుము దాటని పుల్ల.
పక్కన కొయ్య పాతి, పాత సైకిలు ట్యూబు ముక్కతో
వదులుగా కట్టాడు, గాలికి కాస్త ఊగనిస్తూ.

కింద క్విన్స్ వేరు, పైన బేరి కొమ్మ.
రెండూ అంటుకున్నచోట
మోకాలిచిప్ప లాంటి బుడిపె.
దానికి మన్ను తగలకూడదు.
నేలకి జానెడు ఎత్తున ఉండాలి, ఎప్పుడూ.

పక్క మడి వాళ్ల పిల్ల ఫెమ్కె, ఏడేళ్లది,
దాన్ని దెబ్బ అనుకుంది.
బడి నుంచి వస్తూ వస్తూ
గుప్పిళ్లతో మట్టి తెచ్చి కప్పేది, చలేస్తుందని.
ఓదీల్ చేత్తో తీసేసేవాడు.
కప్పడం, తీయడం. కప్పడం, తీయడం.
డిసెంబరంతా ఇద్దరికీ ఇదే పని.

"మన్ను తగిలిందా, బేరి సొంత వేరు వేసుకుంటుంది.
ఇక క్విన్స్ మాట వినదు.
ఇంటికప్పు దాటిపోతుంది."

"పోనీ," అంది పిల్ల.

ముప్పయ్యొక్కేళ్లు లాకుల మీద పనిచేసినవాడు.
ఆపడం తెలుసు, వదలడం తెలుసు.
ఎందుకని నీళ్లెప్పుడూ అడగలేదు.
చాలాసేపటికి అన్నాడు:
"నిచ్చెనెక్కే మోకాళ్లు కావు నావి.
నువ్వా, ఇంకా ఇంతే ఉన్నావు.
మనిద్దరికీ అందేదే కావాలి."

ఏప్రిల్లో పూసింది. పూసిన రాత్రే గడ్డమంచు.
తన పక్కమీది దుప్పటి తెచ్చి దానికి కప్పి
తను కోటుతో పడుకున్నాడు.
జూన్‌లో తొమ్మిది పిందెలు.
తొమ్మిదీ గిల్లేశాడు.
ముందు వేరు బలపడాలి, కాయకేం తొందర.
ఫెమ్కె వాటిని అగ్గిపెట్టెలో దాచుకుని
మూడు రోజులు అతనితో పలకలేదు.

సెప్టెంబరులో తడిమెట్టు మీద జారాడు.
తుంటి ఎముక. ఏడు వారాలు ఆసుపత్రి.
కిటికీలోంచి కనబడేది కార్ల షెడ్డు.
వానకి మట్టి జారుంటుంది,
ఆకులు రాలి, కుళ్లి, పేరుకుని
బుడిపె ఈపాటికి మునిగే ఉంటుంది.
నర్సు నొప్పెక్కడని అడిగితే
చెట్టు మొదట్లో అనబోయి ఊరుకున్నాడు.

చేతికర్రతో వచ్చాడు. మెల్లగా వంగాడు.
ఆకులు ఓ పక్కకి నెట్టి ఉన్నాయి.
మొదలు చుట్టూ మట్టి మీద
చిన్న చిన్న గోళ్ల గీతలు.
బుడిపె పొడిగా, గాలికి.

జాన పెట్టి చూశాడు.
రెండు వేళ్లు తక్కువ.
మళ్లీ కొలిచాడు. రెండు వేళ్లే.
అప్పుడు తట్టింది,
కొలిచింది ఎవరి జానతోనో.

ఆ రెండు వేళ్ల మట్టినీ అతను ముట్టుకోలేదు.