రేవు దాటని ఓడ

క్లాక్స్‌విక్‌లో జనవరి.
మూడున్నరకే పొద్దుగూకుతుంది.
వేట పడవ దిగొచ్చిన హొగ్ని
తడి బూట్లు హీటరు పక్కన పెట్టి
ఆటలో కూచుంటాడు.

అందులో అతనికో ఓడ.
మూడేళ్ల రాత్రుళ్లు పోగేసి కట్టుకున్నది.
నల్ల తెరచాపలు, ఇరవై నాలుగు ఫిరంగులు,
ఈగ వాలనివ్వడు.
ఆ ఆటలో మునిగితే మునిగినట్టే,
మళ్లీ పలక ముక్క నుంచి మొదలు.
అందుకే రేవులోనే
ఉప్పు కొని ఉప్పు అమ్ముతాడు.
లంగరు ఒకటికి రెండుసార్లు చూసుకుని
నిద్రపోతాడు.

"రావా?" అంటాను హెడ్‌ఫోన్‌లో, గోడ అవతలి గదిలోంచి.
నాది ముక్కు పగిలిన దోనె.
పదకొండు మునిగాయి, ఇది అప్పు తెచ్చిన పన్నెండోది.
పొగమంచు దాటాక
తిమింగలాలు లాంతర్లలా వెలుగుతాయని చెప్తే
"నిజమా" అంటాడు.
ఉప్పు ధర చూసుకుంటాడు.

మంగళవారం అసలు సముద్రం
అతని వల తెంపుకుపోయింది,
చిటికెనవేలి గోరుతో సహా.
బుధవారం తెల్లారకుండానే మళ్లీ వెళ్లాడు.

అక్కడ లేని భయం ఇక్కడెందుకని
అడిగేశాను.
కట్టు సర్దుకుంటూ అన్నాడు:
"గోరు మళ్లీ మొలుస్తుంది సున్వా.
పడవ కంపెనీది.
ఇదొక్కటే నాది."

ఆ రాత్రి నా పన్నెండోది మునుగుతుంటే
నల్ల తెరచాపలు సగం విప్పుకుని
రేవు కొసదాకా వచ్చింది ఓడ.
దీపం ఎత్తి పట్టుకున్నాడు.
లంగరు తాడు మీద అతని చెయ్యి
నీళ్లు నా తెర నిండేదాకా
కనిపిస్తూనే ఉంది.