అద్దం మీద ఆవిరి

సౌత్ షీల్డ్స్‌లో ఆల్బనీ థియేటర్ ఇప్పుడు తివాచీల కొట్టు.
డెబ్బై ఆరులో అక్కడ నేను టార్చి పిల్లని.
ఆలస్యంగా వచ్చినవాళ్ల కాళ్ల ముందు
పళ్లెమంత వెలుగు పరిచేదాన్ని.

నవంబరులో వచ్చిందా సినిమా.
ఆరు వారాలు ఆడింది.
రోజుకి మూడుసార్లు ఆ పిల్లాడు మెట్లు దిగాడు,
రోజుకి మూడుసార్లు వేటకుక్కలు తోక ముడిచాయి.
ఓడలకి రంగులేసే ఆరడుగుల మనిషొకడు
నా భుజం మీదికి వాలిపోయాడు,
మొహాన నీళ్లు కొట్టి లేపాను.

నాకప్పుడు ఏడో నెల.
"కడుపుతో ఉన్నదానివి, తెర వైపు చూడకు"
అంది మా అత్త ఐసొబెల్.
ఉద్యోగమే చీకట్లో.
కళ్లు మూసుకోవచ్చు, చెవులకి రెప్పలుండవుగా.

అన్నిటికన్నా భయం, చుక్క రక్తం లేని ఆ చోటు:
నిద్రపోతున్న పిల్లాడి ముక్కు దగ్గర
పాదిరి చేతి అద్దం పెడతాడు.
అద్దానికి ఆవిరి పట్టదు.
పిల్లాడు కళ్లు తెరిచి నవ్వుతాడు.
హాలు హాలంతా కుర్చీల్లోకి కుంగేది.

జనవరిలో నైల్ పుట్టాడు.
కిటికీ లోపలి వైపు కూడా మంచు.
రాత్రి మూడింటికి, పక్కన క్లిఫ్ గుర్రు పెడుతుంటే
పౌడరు డబ్బా మూత తీసి
అందులోని బుల్లి అద్దం
వాడి పెదాల దగ్గర పెట్టేదాన్ని.
ఎవరికీ చెప్పలేదిది.
దయ్యమేమో అని చూశానా,
బతికున్నాడా అని చూశానా,
ఇప్పటికీ నాకే తెలీదు.
గోరంత ఆవిరి కనిపించేది.
అప్పుడు వదిలేదాన్ని నా ఊపిరి.

నిన్న రాత్రి టీవీలో మళ్లీ చూశాను.
కొత్తగా కడిగి తుడిచిన ప్రింటట.
గీతల్లేవు, వానలా రాలే దుమ్ము లేదు.
పిల్లాడి మోకాలి మీద చెక్కు కట్టిన దెబ్బ ఉంది,
కోటు వాడికి ఒక సైజు పెద్దది,
గాలికి చెవులు కందిపోయాయి.
అంత పెద్ద మేడలో అందరూ వాడి గురించే మాట్లాడతారు,
వాడితో ఎవరూ మాట్లాడరు.
ఏమైనా తిన్నావురా అని
ఒక్కరంటే ఒక్కరు అడగరు.

పాదిరి అద్దం తీశాడు.
రిమోటు నొక్కాను.
వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ.
అద్దం కింది అంచున, పాదిరి బొటనవేలి పక్కన
ఉంది.
గోరంత.

నా సెలవులు పోను వందసార్లు చూసుంటాను.
వందసార్లూ వాడు ఊపిరి తీస్తూనే ఉన్నాడు.
మా ప్రింటు మురికి.

చివర్లో వాణ్ని కొలను దగ్గరికి మోసుకెళ్తారు.
అంతదాకా చూడలేదు, కట్టేశాను.

సోఫాలో నైల్,
పాదిరి ఊళ్లోకి రాకముందే నిద్రపోయాడు.
నలభై తొమ్మిదేళ్లు, బట్టతల, తెరిచిన నోరు.
గురక వీధిలోకి వినిపిస్తోంది, సందేహమేం లేదు.
అయినా దుప్పటి కప్పే వంకన
చెయ్యి వాడి ముక్కు దగ్గర కాసేపు ఉంచాను.
వెచ్చగా తగిలింది,
వెనిగరు చల్లిన చేప వాసనతో.