నీలం పెన్సిల్

లుబిగి చిత్తడి అంచున బస్సు దిగాం, నలభై ముగ్గురం.
దిగీ దిగగానే నముబిరు టీచర్ మడమదాకా దిగబడింది.
నవ్వొద్దని నవ్వుతూనే చెప్పింది.

పపైరస్ దుబ్బుల్ని గాలి దువ్వుతోంది,
వెనక హైవే మీద లారీల రొద.
కంపాలా కడిగి పారబోసిందంతా
ఇక్కడ కాసేపు కూర్చుని
తేటపడి వెళుతుందట.

కిరీటం కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి
మా హాజరు తీసుకుంది.
బురదలో ముంగిస అడుగు దొరికింది కిగోజికి,
వేళ్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టాడు.

"ఇక్కడ ఎవరెవరు బతుకుతారో పటంలో గుర్తించండి."
కొంగ, కప్ప, బురద చేప, ముంగిస,
అందరం ఒకరిది చూసి ఒకరం.

నబ్బోసా మాత్రం
నీలం గీతల నడుమ చిన్న చదరం గీసి
పైన రేకు కప్పింది.
వాన రాత్రి మంచం కోళ్ల కింద
ఇటుకలు పెట్టుకునే ఇల్లు.
"ఇది కూడా రాయొచ్చా, టీచర్?"

బురదలో చెప్పు తడుముకున్నట్టు
టీచర్ మాట కోసం తడుముకుంది.
కొంగ కాలు మార్చింది.

బస్సులో నబ్బోసాని నీలం పెన్సిల్ అడిగాను.
ఇచ్చింది.
అరిగి అరిగి
గోరంతే మిగిలి ఉంది.