ఘాటు

మార్చిలో గుణుపురం బ్లాకాఫీసు మేడమీద
మాకు శిక్షణ.
తెర మీద ఇంగ్లీషు, సారు నోట ఒడియా,
పక్కన కూర్చున్న సుంబరి బుర్రలో సవర,
నా బుర్రలో తెలుగు.
పైన ఫ్యాను గిర్రున తిరిగి
నాలుగింటినీ కలిపేసింది.

చివర్న ఇరవై ప్రశ్నలు.
నాకు పద్దెనిమిది. సుంబరికి ఆరు.
బ్లీచింగు కలిపిన నీళ్ళు ఎంతసేపాగి తాగాలి?
అరగంట. రైటు.
రెండు సమోసాలు, ఒక సర్టిఫికెట్టు,
చీకటి పడకముందే బస్సు.

శ్రావణంలో కెరడాసింగి నుంచి కబురొచ్చింది.
ఫోను అందే ఊరు కాదది.
గెడ్డ దాటి, నడుం దాకా తడిసిన కుర్రాడొకడు
సబ్‌సెంటరు గుమ్మంలో నిలబడి
"బియ్యం కడుగులా పోతన్నారు" అన్నాడు.
ఆ జబ్బు సంగతి
అంత తిన్నగా ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

పొడి సంచి నేనెత్తుకున్నాను, సెలైన్లు సుంబరి.
కొండెక్కేసరికి పొద్దు వాలింది.
ఊరంతటికీ ఒకటే చెలమ.
కుండలన్నీ వరసగా పెట్టించి,
సంచి మూతి విప్పి, చెంచా లెక్క చూసి,
చేతి గడియారం కూడా చూసుకున్నాను.
అరగంట. నాకు తెలుసు కదా.

సుంబరి వంగి సంచిలో మొహం పెట్టింది.
లేచి, గాలి పీల్చి, మళ్ళీ పెట్టింది.
"కళ్ళు మండట్లేదు దిదీ.
చచ్చిపోయిందీ పొడి."

తేదీ నేను తర్వాత చదివాను.
రెండు వానాకాలాల చెమ్మ తాగిన సంచి.
చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది,
సరైన కొలత చెప్తూ.

ఇక రాత్రంతా పొగ.
తడి కట్టెలు ఊదీ ఊదీ నీళ్ళు మరిగించాం.
సుంబరి గడప గడపకీ పోయి
సవరలో ఏదో చెప్పేది, తిట్టేది,
ఒకచోట కుండ తన్ని ఒలకబోసింది కూడా.
తెల్లటి పొట్లాలు అయిపోయాక
చోడిజావలో ఉప్పేసి పట్టించింది.
అది శిక్షణలో ఉందో లేదో
నాకిప్పటికీ గుర్తురాదు.

నడిరేయికి సెలైను ఒక్కటే మిగిలింది.
ఒకే చాప మీద ముసలి మంగడా,
ఎనిమిదో నెల కోడలూ.
పరీక్షలో అయితే ప్రతి ప్రశ్న కిందా
నాలుగు జవాబులుండేవి.

సూది ఎవరికి పెట్టానో రిపోర్టులో ఉంది.
పెట్టేముందు ఎంతసేపు నిలబడ్డానో
రాయడానికి గడి లేదు.
వాసానికి వేలాడే సీసా కింద కోడలు,
సుంబరి ఒళ్ళో తలపెట్టి ముసలాయన,
చెంచా చెంచాకీ గుటక.
కోడి కూసేముందు
చెంచా ఖాళీ అవడం మానేసింది.

కార్తీకంలో భువనేశ్వరం నుంచి ఒకమ్మాయి వచ్చింది,
ట్యాబు పట్టుకుని.
జబ్బు ప్రబలిన నాటికి మీరు సన్నద్ధంగా ఉన్నారా?
పూర్తిగా. కొంతవరకు. లేదు.
టీ తాగుతారా అని అడిగాను.
సుంబరిని కూడా పరీక్షించారట.
"మళ్ళీ ఆరే" అని నవ్వింది.

ఇప్పుడు స్టోరులో సంచి దించగానే
మూతి విప్పించి మొహం లోపల పెడతాను.
"పిండి అనుకున్నావా" అంటాడు రథో బాబు,
రిజిస్టరు నావైపు తోస్తూ.
పెన్ను చేతిలోనే ఉంచుకుని ఆగుతాను.
కళ్ళమ్మట నీళ్ళొచ్చాకే
సంతకం.